జమ్మిచెట్టు మీద జాయినింగ్ లెటర్

మా ఊళ్లో వానలు మొహం చాటేస్తే రామాలయంలో విరాటపర్వం చదివించేవారు. చదివేది మా తాతయ్య. తిక్కనగారి పద్యం ఒకటి రాగం తీసి ఎత్తుకుని, తాత్పర్యం చెప్పి, మంటపం చూరు కిందనుంచి ఓసారి ఆకాశం వైపు చూసి, మళ్లీ పద్యంలోకి దిగేవాడు. వాన వచ్చిన ఏళ్లున్నాయి, రాని ఏళ్లూ ఉన్నాయి. రాకపోతే, "ఉత్తర గోగ్రహణం దాకా వినకుండా మధ్యలో లేచిపోతే ఎలా కురుస్తుందర్రా" అని నేరం శ్రోతల మీదికి తోసేవాడు. ఆ రోజుల్లో ఆయనకు ఉద్యోగం లేదుగానీ, ఉండివుంటే మేనేజరయ్యేవాడని ఇప్పుడనిపిస్తుంది.

1989 జూన్‌లో నాకు హైదరాబాదులో, బాలానగర్‌లో మోటారు పంపులు తయారుచేసే ఓ కంపెనీలో అకౌంట్స్ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రైలెక్కించడానికి ఇంటిల్లిపాదీ తెనాలి స్టేషన్‌కు వచ్చారు. అమ్మ ఆవకాయ జాడీ ఇచ్చింది. నాన్న 300 రూపాయలిచ్చాడు. తాతయ్య మాత్రం కిటికీ ఊచల్లోంచి చెయ్యిపెట్టి నా భుజం నొక్కి, "ఒరేయ్, కొలువులో చేరబోయే ముందు పాండవులకి వాళ్ల పురోహితుడు ధౌమ్యుడు చెప్పిన మాటలు ఇంకోసారి చదువుకో. అంతకుమించి ఎవడూ చెప్పేదేం లేదు" అన్నాడు. బుద్ధిగా తలూపాను. చదవలేదు. బీకాం సెకండ్ క్లాసులో పాసైనవాడికి ధౌమ్యుడేం చెబుతాడులే అనుకున్నాను. ఆ పుస్తకం మళ్లీ తెరిచింది 2024లో, రిటైరయ్యాక. తెరిచి చూద్దును కదా, 35 ఏళ్లలో నేను తిన్న ప్రతి చీవాటూ అందులో ముందే అచ్చయి ఉంది.

ఇప్పుడు మా చెల్లెలి కొడుక్కి గచ్చిబౌలిలో ఉద్యోగమొచ్చింది. "మావయ్యా, 35 ఏళ్లు ఒకే కంపెనీలో ఎలా ఉన్నావు? ఏమైనా టిప్స్ ఉంటే చెప్పు" అని ఫోన్ చేశాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు నిలబడి, ఇది ఇంకా ఎలా తిరుగుతోందబ్బా అనుకునే వాళ్ల గొంతు ఉంటుందే, అచ్చం ఆ గొంతు. సరే, తాతయ్య నాకిచ్చిన సలహానే వాడికి అందిద్దామనుకున్నాను. వాడు చదవడని తెలుసు. అందుకే నేనే చదివి చెబుతున్నాను.

ముందు తిక్కనగారి సంగతి చెప్పాలి. ఆయన ఏ అరణ్యంలోనో కూర్చుని రాసిన ముని కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరేలిన మనుమసిద్ధి దగ్గర మంత్రి, అంటే మనలాగే ఉద్యోగి. ఆయన ఎంత అనుభవశాలో ఒక్క విషయం చాలు తెలియడానికి. నన్నయగారు అరణ్యపర్వం సగంలో వదిలి వెళ్లిపోయారు. తిక్కనగారు ఆ సగం ఫైలును ముట్టుకోలేదు. పక్కన పెట్టి, విరాటపర్వంతో కొత్త ఫైలు తెరిచి పదిహేను పర్వాలు పూర్తి చేశారు. పాతాయన వదిలిన పెండింగ్ పని నెత్తికెత్తుకుంటే తప్పులన్నీ మనవి, ఒప్పులన్నీ ఆయనవి అవుతాయని ఆయనకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని తర్వాతి కాలంలో ఎర్రనగారు పూర్తిచేశారు. చేసి, నన్నయగారే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడి పేరునే ముగించారు. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి పుణ్యాత్ముడు ఒక్కడుంటాడు. ఆఫీసు నడిచేది ఆయన వల్లే. ప్రమోషన్ లిస్టులో కనబడనిదీ ఆయనే.

ఇక పాండవుల ఇంటర్వ్యూ. వరసపెట్టి ఆరుగురు అభ్యర్థులు విరాటుడి ఊరికి వచ్చారు. అందరి పాత ఉద్యోగమూ ఒక్కచోటే. ఎక్కడ చేశావయ్యా అంటే ధర్మరాజుగారింట్లో. వంటవాడు వలలుడూ అక్కడే, గుర్రాలు చూసే దామగ్రంథీ అక్కడే, ఆవుల్ని చూసే తంత్రీపాలుడూ అక్కడే. రిఫరెన్సు అడుగుదామంటే ఆ ధర్మరాజు కంకుభట్టు పేరుతో రాజుగారి పక్కనే కూర్చున్నాడు. ఆయన చేరిందైనా ఏ విద్య మీద? జూదం మీద. ఏ సబ్జెక్టులో ఫెయిలై రాజ్యం పోగొట్టుకున్నాడో, అదే సబ్జెక్టులో కన్సల్టెంటుగా కుదిరాడు. మధ్యలో అడవిలో బృహదశ్వుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్న మాట నిజమేననుకోండి. షార్ట్‌టర్మ్ కోర్సు.

మా మేనల్లుడు ఈ కథ విని ఉత్సాహపడ్డాడు. "అయితే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవచ్చన్నమాట" అన్నాడు. ఒరే నాయనా, వాళ్లు పేర్లు అబద్ధం చెప్పారు, పనులు నిజం చెప్పారు. భీముడు నిజంగా వండగలడు, నకులుడు నిజంగా గుర్రాన్ని దారికి తేగలడు. అమీర్‌పేటలో సర్టిఫికెట్ కొనుక్కున్నవాడికి పేరు నిజం, పని అబద్ధం. పైగా విరాటుడి కాలంలో యూఏఎన్ నంబరు లేదు. ఇప్పుడు నువ్వు ఏ కంపెనీలో ఏ నెల చేరి ఏ నెల మానావో పీఎఫ్ ఖాతాలో పన్నెండంకెల నంబరు కింద పడివుంటుంది. నువ్వు పనిచేశానన్న మూడేళ్లలో ఒక్క నెలైనా పీఎఫ్ జమ కాకపోతే కంపెనీ వాళ్లకు అనుమానం రావడానికి భీష్ముడు అక్కర్లేదు.

ఆ ఆరుగురిలోనూ ఉద్యోగంలో చేరేముందు షరతులు మాట్లాడుకున్నది ఒక్కరే. ద్రౌపది. సైరంధ్రిగా రాణి సుధేష్ణ దగ్గర కుదిరేముందే, ఎంగిలి ముట్టను, కాళ్లు కడగను అని చెప్పేసింది. సుధేష్ణ ఒప్పుకుంది. మొగుళ్లు అయిదుగురూ ఏమిస్తే అది పుచ్చుకుని చేరారు. మాట్లాడుకోవాల్సింది చేరేముందే. చేరాక అడిగితే దాన్ని గొణుగుడు అంటారు.

మా వాడికి ఆఫర్ ఏడాదికి 6 లక్షలు. పన్నెండుతో భాగించి నెలకు 50 వేలు అనుకుని, ఆ లెక్కన బైక్ చూసుకుని, రూము చూసుకుని, ఆదివారం బిర్యానీ దాకా బడ్జెట్ వేసుకున్నాడు. నేను 35 ఏళ్లు అకౌంట్స్‌లో చేసినవాణ్ణి, కాగితం తెప్పించుకున్నాను. 6 లక్షలంటే సీటీసీ, కంపెనీకి నీ మీద అయ్యే ఖర్చు. అది నీ జీతం కాదు. బేసిక్ 25 వేలు. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 3,000, నీ 50 వేలల్లోనే ఉంది. గ్రాట్యుటీ 4.81 శాతం చొప్పున 1,202, అదీ అందులోనే. ఏడాది చివర పనితీరును బట్టి ఇస్తామన్న వేరియబుల్ నెలకు 5,000, అది ఆకాశంలో మబ్బు. ఇన్సూరెన్స్ 500. మిగిలింది 40,298. అందులోంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 3,000, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతే చేతికొచ్చేది 37,098. మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గ్రాట్యుటీ అయిదేళ్లు పనిచేస్తేనే ఇస్తారు కదా మావయ్యా, మరి ఇప్పటినుంచే నా జీతంలో ఎందుకు చూపించారు?" అన్నాడు. ఆ ప్రశ్న మీద నాకు ముచ్చటేసింది. వీడు బతుకుతాడు.

సుమతీ శతకం చదివించిన తరం మాది. అడిగిన జీతం ఇవ్వని దొర దగ్గర మగ్గడం కన్నా ఎద్దుల్ని కట్టుకుని పొలం దున్నుకోవడం మేలన్నాడు ఆ కవి. సలహా మంచిదే. ఎద్దులూ పొలమూ ఉన్నవాళ్లకు. మనకు మిగిలిన దారి, సంతకం పెట్టేముందు కాగితం చదవడం.

ఇప్పుడు ధౌమ్యుడి దగ్గరికి వద్దాం. ఆయన చెప్పినవాటిలో పెద్దది, ఎక్కడ కూర్చోవాలన్నది. రాజుగారి ఆసనం మీద కూర్చోకూడదు. ఆయనకు కట్టెదురుగా ఉండకూడదు. వెనకా ఉండకూడదు. పక్కన ఉండాలి.

నేను చేరిన మొదటి రోజు ఉదయం 8:40కే ఆఫీసుకు వెళ్లాను. ఎవరూ లేరు. అకౌంట్స్ రూములో ఫ్యాను ఒక్కటే. దాని కింద చక్రాల కుర్చీ ఒకటి ఉంది. తెనాలిలో చక్రాల కుర్చీ నేను డాక్టరుగారి దగ్గర తప్ప చూడలేదు. కూర్చున్నాను. ఒక్క చుట్టు తిరిగాను. రెండో చుట్టులో గుమ్మం వైపు తిరిగేసరికి అక్కడ అకౌంట్స్ ఆఫీసరుగారు టిఫిన్ క్యారియర్‌తో నిలబడి ఉన్నారు. గబుక్కున లేవబోయాను. కుర్చీ వెనక్కి జారింది, నేను ముందుకి జారాను. ఆయన ఒక్క కసురు కసరలేదు. "కూర్చోండి సార్, మీరు కూర్చోండి. నేను బయట నుంచుంటాను" అన్నారు. ఆ తర్వాత ఆరు నెలలు నన్ను సార్ అనే పిలిచారు. "సార్, ఈ వోచర్లు కొంచెం అంటిస్తారా సార్." తిట్టినా బాగుండేది.

మీటింగుల్లో సీటు సంగతి నాకు పదేళ్లు గడిస్తేగానీ బోధపడలేదు. జీఎం గారికి ఎదురుగా కూర్చుంటే ఆయన తలెత్తినప్పుడల్లా మొదట కనబడేది మనమే, కాబట్టి ప్రశ్న మనకే. వెనక వరసలో కూర్చుంటే దాక్కున్నాడనుకుంటాడు, వెతికి మరీ అడుగుతాడు. పక్కన కూర్చున్నవాణ్ణి చూడాలంటే మెడ తిప్పాలి. జీఎం స్థాయికి వచ్చేసరికి ఏ మనిషికైనా మెడ నొప్పి ఉంటుంది.

ధౌమ్యుడి మాటల్లో నాకు బాగా గట్టిగా తగిలినది ఇంకొకటుంది. రాజుగారి తాలూకు ఏనుగుతోనే కాదు, దోమతో కూడా విరోధం పెట్టుకోవద్దన్నాడు. ఏనుగు సంగతి ఎవరికైనా తెలుస్తుంది. దోమ దగ్గరే దెబ్బతింటాం.

మా ఆఫీసు దోమ జీఎం గారి అటెండరు. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉండేవాడు. 1999లో ఓ మధ్యాహ్నం, టీ చల్లారిపోయిందని పదిమందిలో అతన్ని కసిరాను. అతను ఏమీ అనలేదు. కప్పు తీసుకుని వెళ్లి వేడి టీ తెచ్చాడు. ఆ వారమే మా చెల్లెలి పెళ్లికి సెలవు చీటీ రాసి, జీఎం గారి సంతకం కోసం అతని చేతికిచ్చాను. రోజులు గడిచాయి. అడిగితే, "సార్ బల్ల మీద పెట్టానండీ" అనేవాడు. నిజమే, పెట్టాడు. ట్రే అడుగున, పాత క్యాలెండరు కింద, దాని మీద కూజా. చీటీ దొరికేసరికి, నేను రైలెక్కేసరికి, మూడుముళ్లూ తలంబ్రాలూ అయిపోయాయి. భోజనాల దగ్గర చివరి బంతికి చేరుకున్నాను. మా చెల్లెలు ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్ తీసినప్పుడల్లా ఓ ఫొటోలో ఖాళీ జాగా మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ అన్నయ్య ఉండాలి" అని చూపిస్తుంది. మా మేనల్లుడికి ఆ ఫొటో తెలుసు, కారణం మొన్నటిదాకా తెలియదు. "అయితే సెక్యూరిటీ అంకుల్‌తో బాగుండాలంటావు" అన్నాడు. అవునురా. సెక్యూరిటీ, హౌస్ కీపింగ్, క్యాంటీన్, ఐటీ సపోర్టు కుర్రాడు. నీ లాప్‌టాప్ శుక్రవారం సాయంత్రం ఆగిపోయినప్పుడు సీఈఓ వచ్చి బాగుచెయ్యడు. భయంతోనే చెయ్యనక్కర్లేదు. పేరు పెట్టి పిలిచి నమస్కారం పెడితే మన సొమ్మేం పోదు.

ఆవులింత, తుమ్ము, నవ్వు, ఉమ్మడం, ఇవన్నీ కొలువులో గుట్టుగా కానిచ్చుకోవాలని తిక్కనగారి ధౌమ్యుడు చెప్పాడు. చదువుకున్న రోజుల్లో ఇది మరీ చిన్నపిల్లల పాఠంలా ఉందే అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆయన చెప్పింది మ్యూట్ బటన్ గురించి.

ఉద్యోగంలో చేరాక మా వాడు నెలకు పది రోజులు గుంటూరు ఇంటినుంచి పనిచేస్తాడు. ఓ రాత్రి డాలస్‌లో ఉన్న క్లయింటుతో మీటింగు. వీడు వంతు వచ్చినప్పుడు మాట్లాడి, మ్యూట్ చెయ్యడం మరిచి, చెంప కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. వంటింట్లోంచి మా చెల్లెలు, "ఒరేయ్, గోంగూర పచ్చట్లోకి ఉల్లిపాయ కోసి పెట్టనా, అలాగే తింటావా?" అని కేకేసింది. అటువైపు పద్నాలుగు మంది. అందరూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి డాలస్ వైపు డైరెక్టర్ గొంతు మెల్లిగా వినబడింది. "కోసి పెట్టమనండి బ్రదర్." ఆయనది నరసరావుపేటట. ఆ ప్రాజెక్టు సాఫీగా నడిచింది. కానీ ప్రతి డైరెక్టరూ నరసరావుపేట వాడై ఉండడు కాబట్టి, మ్యూట్.

రాజుగారింటికన్నా అందంగా ఇల్లు కట్టుకోకూడదనీ అన్నాడు ధౌమ్యుడు. మా ప్రొడక్షన్ మేనేజరు ఈ పద్యం చదవలేదు. జీఎం గారు పాత ఫియట్‌లో వచ్చే రోజుల్లో, ఈయన మెరిసే ఎర్ర కారు కొని, నీడ ఉందని సరిగ్గా ఫియట్ పక్కనే పెట్టేవాడు. రోజూ సాయంత్రం జీఎం గారు ముందు ఎర్ర కారును దాటి, తర్వాత తన కారు తలుపు రెండుసార్లు గుంజి తెరవాలి. మూడు నెలల్లో ప్రొడక్షన్ మేనేజరుకు నాగపూర్ డిపో బాధ్యతలు ఒప్పజెప్పారు. ప్రమోషన్ అన్నారు. కారు మాత్రం సంతోషించి ఉంటుంది, అక్కడ పార్కింగ్ బోలెడు.

అయితే ధౌమ్యుడి పాఠం అంత శ్రద్ధగా విన్న ధర్మరాజే ఒకచోట తప్పు చేశాడు. ఉత్తరకుమారుడు కౌరవుల మీద గెలిచాడని కబురొచ్చింది. నిజంగా గెలిచింది అతని వెంట వెళ్లిన బృహన్నల, అంటే మారువేషంలోని అర్జునుడు. విరాటుడు పుత్రోత్సాహంతో ఊగిపోతూ పాచికలాడుతున్నాడు. నా కొడుకు, నా కొడుకు అంటున్నాడు. కంకుభట్టు ఊరుకోవచ్చు కదా. బృహన్నల తోడుంటే గెలవకేం అన్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. విరాటుడు పాచిక తీసి మొహాన కొట్టాడు. రక్తం కారింది. సైరంధ్రి పరుగెత్తుకొచ్చి, ఆ నెత్తురు నేల మీద పడకుండా పట్టింది. అన్నది అక్షరాలా నిజం. అన్న వేళ తప్పు.

నాకూ జరిగింది. మా జీఎం గారబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ, వేసవి సెలవుల్లో మా ఆఫీసుకు జీతాల లెక్కల ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. దాని ప్రకారం మొదటి నెల వాచ్‌మన్‌కు జీఎం జీతం వచ్చింది. మా కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి మూడు రాత్రులు 11 దాకా కూర్చుని సరిచేసింది. చివరికి అందరినీ పిలిచి జీఎం గారు కొడుకు ప్రతిభ వర్ణిస్తుంటే, నేను లేచి, "నిజానికి సరిచేసింది ఈ అమ్మాయండీ" అన్నాను. ఆయన చేతిలోని పేపర్‌వెయిట్ బల్ల మీద గట్టిగా పెట్టారు. అది దొర్లి వచ్చి నా కాలి బొటనవేలి మీద పడింది. టించర్ సీసా తెచ్చింది ఆ అమ్మాయే. తెస్తూ, "ఎందుకు సార్ చెప్పారు? నేను రోజూ చేసింది తేదీలతో రిజిస్టర్‌లో రాసి, వారానికోసారి ఆయనతో సంతకం పెట్టించుకుంటున్నాను కదా" అంది.

ఆ ఏడాది ఇంక్రిమెంట్ల వేళ రిజిస్టర్ మాట్లాడింది. నా బొటనవేలు మాట్లాడలేదు. మా మేనల్లుడికి ఇదే చెప్పాను. శుక్రవారం సాయంత్రం అయిదు లైన్లు మెయిల్ రాయి. ఈ వారం ఏం పూర్తయింది, ఏం ఆగింది, ఎవరి దగ్గర ఆగింది. గొప్పలొద్దు, తేదీలు చాలు. ఏడాది చివర అప్రైజల్ ఫారమ్ నింపేటప్పుడు ఫిబ్రవరిలో ఏం చేశావో నీకే గుర్తుండదు, మీ మేనేజరుకేం గుర్తుంటుంది? ఉత్తరకుమారుడు మాత్రం చివరికి గెలిచింది నేను కాదు అని తండ్రికి చెప్పేశాడు, పాపం. అంత నిజాయితీ ఉన్న జీఎం కొడుకు దొరుకుతాడని నమ్ముకుని కూర్చోకు.

ఒక్క విషయం దగ్గర నవ్వు ఆపాలి. కీచకుడు రాణిగారి తమ్ముడు, సేనాపతి. అతను వేధించాడని సైరంధ్రి నిండు సభలో మొరపెట్టుకుంటే విరాటుడు న్యాయం చెయ్యలేదు. ధౌమ్యుడి జాబితాలో దీనికి సలహా లేదు. ఇప్పుడు చట్టం ఉంది. 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. నీ టీములో ఏ అమ్మాయికైనా అలాంటి అవసరం వస్తే, పక్కన కంకుభట్టులా కూర్చుని ఇది సమయం కాదమ్మా అనకు అని మా వాడికి చెప్పాను. వాడూ నవ్వలేదు.

ఇక లెక్కలు. అజ్ఞాతవాసం గడువు తీరకముందే అర్జునుడు బయటపడ్డాడని దుర్యోధనుడి వాదన. నోటీసు పీరియడ్ పూర్తికాలేదు, కాబట్టి మళ్లీ పన్నెండేళ్లు అడవికి. అప్పుడు భీష్ముడు లెక్క కట్టాడు. ప్రతి అయిదేళ్లకూ రెండు అధికమాసాలు వస్తాయి. ఆ లెక్కన పదమూడేళ్లకు అయిదు నెలల పన్నెండు రోజులు ఎక్కువే గడిచాయి, గడువు ఎప్పుడో దాటింది పొమ్మన్నాడు. మన సాహిత్యంలో ఇంత చక్కటి ఫైనల్ సెటిల్‌మెంట్ ఇంకోటి లేదు. అయితే ఏ హెచ్‌ఆర్ విభాగంలోనూ భీష్ముడు ఉండడు. మన భీష్ముడు మనమే.

నేను చేరింది 1989 జూన్ 12. రిటైరయింది 2024 జనవరి 31. 34 ఏళ్ల 7 నెలల పైచిలుకు. గ్రాట్యుటీ లెక్కలో చివరి ఏడాది ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కిందే లెక్క, అంటే 35. చివరి జీతం, బేసిక్కూ డీఏ కలిపి, 62,400. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే 36,000. అది ఒక్కో ఏడాదికి. కానీ నా చేతికిచ్చిన కాగితంలో 34 ఏళ్లని ఉంది. ఇదేమిటంటే, సిస్టమ్‌లో మీరు చేరింది 1989 డిసెంబరు 12 అని ఉంది సార్ అన్నాడు కొత్త హెచ్‌ఆర్ కుర్రాడు. అది నన్ను పర్మనెంట్ చేసిన తేదీ. అంతకుముందు ఆరు నెలల ప్రొబేషన్‌లో నేను పనిచెయ్యలేదా? అన్ని వోచర్లు అంటించింది ఎవరు?

ఇంటికొచ్చి మంచం కింద ట్రంకుపెట్టె లాగాను. పెళ్లినాటి పట్టుపంచె కింద, తాతయ్య విరాటపర్వం పుస్తకంలో, మడతలు చిరిగిన జాయినింగ్ లెటర్ దొరికింది. జూన్ 12. పుస్తకం ఏళ్ల తరబడి తెరవలేదు కాబట్టే భద్రంగా ఉంది. ఆ కాగితం ముక్క చూపిస్తే కుర్రాడు రెండో మాట లేకుండా 35 అని దిద్దాడు. 36,000 రూపాయలు. తాతయ్య సలహా నేను పాటించకపోయినా, ఆయన పుస్తకం తన వంతు చేసింది.

పాండవులు కొలువుకు వెళ్లేముందు తమ ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద దాచారు కదా. నీ జమ్మిచెట్టు కంపెనీ ఆవరణలో ఉండకూడదురా అని మా వాడికి చెప్పాను. ఆఫర్ లెటర్, జాయినింగ్ లెటర్, ప్రతి నెలా పేస్లిప్, ఏటా ఫారమ్ 16, ఇవన్నీ నీ సొంత మెయిల్‌లో పెట్టుకో. యూఏఎన్‌కు నీ సొంత ఫోన్ నంబరే ఇవ్వు, నామినీ పేరు నింపు. కంపెనీ మెయిల్ నువ్వు మానిన రోజు సాయంత్రానికి మూసుకుపోతుంది, గాండీవం లోపలుండిపోతుంది. కంపెనీ మారినప్పుడు పీఎఫ్ తీసి ఫోన్ కొనుక్కోకు, కొత్త ఖాతాకు మార్పించుకో. 500 రూపాయలు ఎక్కువొస్తాయని నాలుగేళ్ల మూడు నెలలకు మానేసి గ్రాట్యుటీ వదులుకున్న మా స్టోర్స్ సూపర్‌వైజరు కథ కూడా చెప్పాను. కంపెనీ మారవద్దని కాదు, మారే ముందు క్యాలెండరు చూసుకో అని.

"అన్నీ కాగితాలేనా మావయ్యా? మరి నీ గాండీవం ఏది?" అన్నాడు వాడు.

చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగానికి ముందు నేను పద్యాలు పాడేవాణ్ణి. మా ఊరి నాటకంలో కృష్ణుడి వేషం వేశాను, వన్స్‌మోర్ కొట్టారు కూడా. హైదరాబాదు వస్తూ రాగాన్ని జమ్మిచెట్టు మీద పెట్టాను, తర్వాత దించుకుందామని. పాండవులు దాచింది ఒక్క ఏడాది. నేను 35 ఏళ్లు. రిటైర్మెంట్ సభలో ఎవరో పద్యం పాడమన్నారు. రాగం తీశాను. దగ్గొచ్చింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది మా కొత్త అటెండరు. అందుకే దసరాకు ఆయుధపూజ పెట్టారేమో మనవాళ్లు. ఏడాదికోసారైనా దించి, తాడు తెగిందేమో చూసుకోమని. మా వాడు బొమ్మలు బాగా వేస్తాడు. వెయ్యడం ఆపెయ్యకురా అన్నాను.

"సరే, నువ్వొక పద్యం పాడు, వింటా" అన్నాడు. ఫోన్లోనే. మొహమాటపడ్డాను, గొంతు సవరించుకున్నాను, ధౌమ్యుడి మాటల్లోంచే ఒకటి ఎత్తుకున్నాను. రెండో పాదంలో దగ్గు వచ్చింది, మూడో పాదంలో శ్రుతి పోయింది, అయినా నాలుగో పాదం దాకా లాక్కొచ్చాను. అవతల చప్పుడు లేదు. మ్యూట్‌లో పెట్టి నవ్వుతున్నాడేమో అనుకున్నాను.

"మావయ్యా, ఇక్కడ ఒక్కసారిగా వాన దంచేస్తోంది" అన్నాడు. కిటికీ తీసినట్టున్నాడు, ఫోన్లో హోరు వినబడింది. "గచ్చిబౌలి ఫ్లైఓవర్ దగ్గర అప్పుడే జామ్ అయిపోయిందట. రేపు అందరూ ఇంటినుంచే పనిచెయ్యమని మెసేజ్ వచ్చింది."

కాసేపాగి మళ్లీ అన్నాడు. "ఇంకో పద్యం ఎత్తుకుంటే ఎల్లుండి కూడా ఇస్తారేమో, చూడు మావయ్యా."